అందింది

"అనుమతి కాగితం ఏదయ్యా?" అంటూ యజమాని చెయ్యి చాపాడు. ఆ చేతిలో పెట్టడానికి డిస్పాచర్ దగ్గర ఏమీ లేదు.

రెండు అద్దె జెట్ విమానాలున్న కంపెనీ అది. ఏ విమానం ఏ దారిన వెళ్లాలో లెక్కగట్టి ఇచ్చే పని డిస్పాచర్‌ది. ఇంకో రెండు గంటల్లో యజమాని స్వయంగా సముద్రం దాటాలి. అవతలి ఒడ్డున రేపు పొద్దున పెద్ద ఒప్పందం మీద సంతకం పెట్టాలి.

"కాగితం లేదు సార్. ఈ నెల నుంచి పద్ధతి మారింది," అన్నాడు డిస్పాచర్. సముద్రం మీదికి వెళ్లే విమానం ఇదివరకు అక్కడి కంట్రోల్ సెంటర్‌ని అనుమతి అడిగేది, వాళ్లు ఇచ్చేవాళ్లు. ఇప్పుడా తతంగం ఎత్తేశారు. ఫలానా దారిన, ఇంత ఎత్తున, ఇంత వేగంతో వస్తున్నామని పైలట్ దారిలోంచే మెసేజ్ పెడతాడు. వాళ్లు "అందింది" అని జవాబిస్తారు. ఏమైనా మార్చాలనుకుంటే మళ్లీ పిలుస్తారు, లేదంటే సాగిపోవడమే.

"అందింది అంటే ఔననా, కాదనా?"

"ఔననీ కాదు, కాదనీ కాదు సార్. అందిందని."

యజమాని ముఖం మాడిపోయింది. పాపం, ఆ మాట విలువ ఆయనకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఇరవై ఏళ్లుగా ఉద్యోగులు ఏ అర్జీ పెట్టినా ఆకుపచ్చ సిరాతో ఆయన రాసేది ఆ ఒక్క ముక్కే. నకలు అర్జీ పెట్టినవాడికి, అసలు సొరుగులోకి, సొరుగు తాళం జేబులోకి. ఆ తర్వాత దాని ఊసు ఉండదు. వెనకాల అందరూ ఆయన్ని "అందింది గారు" అంటారు. ఆ పేరు మాత్రం ఇంకా ఆయనకు అందలేదు.

అలాంటి నకలు ఒకటి డిస్పాచర్ జేబులోనూ ఉంది. ఎల్లుండి అతని పెళ్లి. ఈ తేదీకి సెలవు అడిగి నలభై రోజులైంది. అంతకుముందు సెలవు దొరక్క రెండుసార్లు తేదీ మార్చారు. పొద్దున కాబోయే అత్తగారు ఫోన్ చేసి, గొంతు పెంచకుండానే చెప్పింది: "హాలు అదే, తేదీ అదే బాబూ. ఈసారి నువ్వు రాకపోతే పెళ్లికొడుకు మారతాడు." పెళ్లికూతురికి బావ వరస అయినవాడొకడు కొత్త బట్టలు కుట్టించుకుని మరీ కూర్చున్నాడని కబురు.

యజమాని మాత్రం ఇంకా సముద్రం సంగతి దగ్గరే ఆగిపోయాడు. సగం దారిలో వెనక్కి పొమ్మంటే తన గతేమిటని నిలదీశాడు. ఫోన్ చేసి నోటిమాటగానైనా ఔననిపించమన్నాడు. చేశానని, ఔనని చెప్పే ఉద్యోగమే తమ దగ్గర ఇప్పుడు లేదని వాళ్లు మర్యాదగా చెప్పారని డిస్పాచర్ విన్నవించుకున్నాడు.

కిటికీ పక్కన, ఆ విమానం నడపాల్సిన కెప్టెన్ టోపీ ఒళ్లో పెట్టుకుని తాపీగా కాఫీ తాగుతున్నాడు. పైన తనకు వచ్చేది కూడా ఆ ఒక్క మాటేనన్నాడాయన. అది అనుమతేనని కంపెనీ రాసిస్తే సరి, లేకపోతే సారు నిద్రలో ఉన్నా లేపి అడగాల్సి వస్తుందన్నాడు.

యజమానికి ఒప్పందం కన్నా నిద్ర ప్రియం. వెంటనే ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టాడు, డిస్పాచర్ టైపు చేశాడు. ఇకమీదట "అందింది" అన్న మాటను అనుమతిగానే భావించవలెను, మళ్లీ ఎవరూ ఎవరినీ అడగరాదు.

డిస్పాచర్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "సముద్రం వరకేనా సార్, మిగతావాటికి కూడానా?"

"అన్నిటికీ రాయి. ప్రతి చిన్నదానికీ నా ప్రాణం తోడేస్తారు."

"పాతవాటికి కూడానా?" అన్నాడు కెప్టెన్, కప్పులోకి చూస్తూ.

"మాట ఒకటే అయినప్పుడు పాతేంటి, కొత్తేంటి కెప్టెన్ గారూ?" అన్నాడు యజమాని. అదీ రాయించి, తన తెలివికి తనే మురిసిపోయి, ఆకుపచ్చ సిరాతో సంతకం గీకి, నోటీసు బోర్డు మీద స్వహస్తాలతో అంటించి మరీ విమానమెక్కాడు.

డిస్పాచర్ కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. కెప్టెన్ పంపిన మెసేజ్‌కి "అందింది" అని జవాబు రావడం, విమానం ఏ గొడవా లేకుండా సముద్రం మీదికి వెళ్లిపోవడం చూశాడు. ఆ మాట అతనికి ఏనాడూ అంత ముద్దుగా కనిపించలేదు. తర్వాతి డ్యూటీ మేడమ్‌కి పని అప్పగించి, ఉత్తర్వు నకలునూ తన సెలవు చీటీ నకలునూ కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టి, బస్సు పట్టుకున్నాడు.

ఎల్లుండి రానే వచ్చింది. పెళ్లి హాల్లో మేనత్త అతని కాలర్ సర్దుతుండగా ఫోన్ మోగింది.

"తిరుగు ప్రయాణం వేళైంది. ఎక్కడ చచ్చావు నువ్వు?"

"పెళ్లిలో ఉన్నాను సార్. నాదే. తిరుగు దారి ప్లాను డ్యూటీ మేడమ్ రాత్రే కెప్టెన్ గారికి పంపేశారు."

"సెలవెవరిచ్చారు నీకు?"

"మీరే సార్. నలభై రెండు రోజుల కిందట, ఆకుపచ్చ సిరాతో. బోర్డు మీద మీ ఉత్తర్వు కూడా ఉంది."

తిట్లు మొదలవుతాయని డిస్పాచర్ ఫోన్‌ని చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. అల్లంత దూరం నుంచి అత్తగారు గోడ గడియారం వైపు వేలు చూపించింది. తీరా యజమాని గొంతు వినిపించింది. అది అంత సన్నగా పలకగలదని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"నీ సెలవు సంగతి పోనియ్ నాయనా. ఆ కెప్టెన్‌కి నువ్వైనా ఒక్క మాట చెప్పు. టోపీ, విమానం తాళం నా ఒళ్లో పడేసి వెళ్లిపోతున్నాడు. పోయిన వేసవిలో ఆయన రాజీనామా మీద కూడా నేను అదే రాశానట."