షాలేం రాజు కట్టిన వరస

"వేళ్లు ఇంకాస్త ఎత్తండి, సార్. ఆ... ఇంకొంచెం."

పక్షవాతం వచ్చిన ఎడమచేతిని థార్న్‌బీ మొహం చిట్లిస్తూ ఎత్తాడు. ఫిజియోథెరపీ చేయించడానికి జెమీమా టెక్సస్‌లోని ఇర్వింగ్ ఊళ్లో ఉన్న ఆయనింటికి రావడం ఇది మూడో వారం. కుర్రతనంలో గిటారు తగిలించుకుని దేశాలు తిరిగి, తర్వాత లండన్‌లో పెద్ద పాటగాడయ్యాడట. పంతొమ్మిదొందల ఎనభై ఐదులో ఒకే ఒక్క పాట ఊరూవాడా మోగిపోయింది. ఆ తర్వాత రాసినవి ఎవరూ కొనలేదు. సబ్బుల ప్రకటనలకు పాడి, ఓడల్లో విహారయాత్రికులకు పాడి, చివరికి భార్య ఊరని ఇక్కడికి చేరాడు. ఆ భార్యా పోయింది.

"ఆ ఒక్క పాట వినిపించండి. వింటూ ఎక్సర్‌సైజ్ చేద్దాం."

ఆయన కాసేపు తటపటాయించి రికార్డు పెట్టాడు.

పల్లవి పూర్తికాకముందే జెమీమా చేతులు ఆగిపోయాయి. మాటలు ఇంగ్లీషువి. వరస మాత్రం నాన్నది. ఆమె చిన్నప్పట్నుంచీ చర్చిలో పాడుకున్న కీర్తన. వచ్చే ఆదివారం ఇక్కడి తెలుగు చర్చిలో నాన్నకు సన్మానం చేసేదీ ఆ కీర్తన కట్టినందుకే.

ఇంటికొచ్చేసరికి, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉండడానికొచ్చిన షాలేం రాజు శాలువా కప్పుకుని అద్దం ముందు రిహార్సల్ వేసుకుంటున్నాడు.

"నాన్నా, ఆ కీర్తన వరస నిజంగా నువ్వే కట్టావా?"

"లేదే, మీ మేనమామ కట్టాడు! నువ్వు పుట్టిన ఏడు కట్టాను. గుక్కపట్టి ఏడ్చేదానివి. హార్మోనియం మీద ఆ వరస ఎత్తితే చాలు, ఠక్కున ఊరుకునేదానివి."

"రేడియోలోనో, క్యాసెట్‌లోనో ఎక్కడా వినలేదుగా?"

"ఏంటే, పోలీస్ ఎంక్వైరీయా? కావాలంటే మన పాస్టరుగారిని అడుగు... పాపం, ఆయన పోయాడనుకో." నాన్న పకపకా నవ్వాడు.

జెమీమాకు నవ్వు రాలేదు. నాన్న మాటకు సాక్ష్యం లేదు. కీర్తనల పుస్తకంలో ఆ పాట అచ్చయింది తొంభైలో. రికార్డు వచ్చింది ఎనభై ఐదులో. ఇంకేం అడుగుతుంది? సన్మానం వీడియో యూట్యూబ్‌లో పెడతారు. థార్న్‌బీ కంటపడితే, డెబ్భై ఎనిమిదేళ్ల నాన్న నలుగురిలో తలదించుకోవాలి.

మర్నాడు ఆమె ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టలేదు.

"సార్, ఒక తప్పు ఒప్పుకోవాలి. నాది కాదు, మా నాన్నది." ఫోన్‌లో నాన్న పాడిన కీర్తన పెట్టింది. "మీ పాట ఎక్కడో విని కట్టుకున్నట్టున్నారు. దేవుడి పాటకి ఎవరి వరసైతే ఏంటి అనుకుని ఉంటారు. కాజేయాలని కాదు. ఆదివారం దాటేదాకా ఏమీ అనకండి, ప్లీజ్. తర్వాత నేనే నాన్నకి నచ్చజెప్పి పుస్తకంలో మీ పేరు వేయిస్తాను."

థార్న్‌బీ చివరిదాకా విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. కుడిచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"మీ నాన్నది ఏ ఊరు?"

"నరసాపురం, సార్. గోదావరి పక్కన. చర్చి కూడా అక్కడే."

ఆయన ఫోన్‌ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎనభై మూడులో ఆ చర్చిలో ఈ పాట విన్నప్పుడు మీ నాన్న గొంతు ఇంకా తియ్యగా ఉండేది."