ఆరు సూదులు

వాగు వంతెన మీదెక్కి పారి, మాచర్ల బస్సు నాలుగు రోజులు రాని ఏడాది సంగతి ఇది.

రెండో రోజు సాయంత్రం శేషగిరిరావు నిలువునా తడిసి ఊరవతల చేలో ఉన్న హిమజ ఇంటి ముందుకొచ్చాడు.

"ఏమే ఫోను నర్సూ! ఉన్నావా? తప్పక వచ్చా నీ గడపకి."

హిమజ గవర్నమెంటు నర్సు. వెల్దుర్తి అవతల ఆ ఊరికి టీకాలూ మందులూ చూసేది ఆమే. ఊరికి మైలు దూరాన, తండ్రి చేలో కట్టిపోయిన ఇంట్లో తల్లి జయలక్ష్మితో ఉంటుంది. ఫోను నర్సు అని పేరు పెట్టింది ఆ ముసలాయనే. కరోనా రోజుల్లో ఆమె నర్సింగు చదువంతా ఫోనులోనే అయింది. సిగ్నలేమో ఆయన పొలంలో మోటారు షెడ్డు మెట్ల మీదే వచ్చేది. అక్కడ కూచుంటే ఆయన మట్టిబెడ్డలు విసిరేవాడు.

"ఫోను చూసి సూది పొడవటం నేర్చుకుంటుద్దంట! రేపు ఫోను చూసి కాన్పులు కూడా చేసుద్ది. లేచి పో!"

ఆయన భార్య రంగనాయకమ్మ మాత్రం చెంగు చాటున రెండు జామకాయలు తెచ్చి పెట్టేది. "ఆయన నోరంతే. నువ్వు చదువుకోవే."

ఇప్పుడు మంచాన పడింది ఆ రంగనాయకమ్మే. పొద్దుటినుంచీ వాంతులు, విరేచనాలు. చెంచాతో పట్టిన ఉప్పూ పంచదార నీళ్లు కూడా కడుపులో నిలవటం లేదు. అంబులెన్సు వాగు అవతలే ఆగిపోయింది. కరెంటు పోయింది, దాంతోపాటే సిగ్నలూ పోయింది.

హిమజ సెలైను సీసా, సూదుల డబ్బా సంచిలో పడేసుకుని ఆయన వెనకే పరిగెత్తింది.

కండకి సూది వెయ్యటం ఉద్యోగంలో చేరాక వచ్చింది. నరానికి పెట్టటం మటుకు వీడియోలో చూసిందే. పరీక్షలో దానికి నూటికి తొంభై రెండు వేశారు. వీడియోలో చెయ్యి తెల్లగా ఉండేది. నరం పచ్చగా తాడులాగా లేచేది. అర్థం కాకపోతే వెనక్కి జరుపుకుని మళ్లీ చూసేది. రంగనాయకమ్మ మామ్మ చేతిలో ఎండిన తోలు తప్ప ఏమీ కనపడలేదు. ఒంట్లో నీళ్లన్నీ పోయి నరాలు అణిగిపోయాయి.

మొదటిది తప్పింది. రెండోది గుచ్చితే చెయ్యి వాచింది. మూడోదానికి రక్తం చిమ్మింది. నాలుగోది తీసేసరికి శేషగిరిరావు ఆమె చేతిలోంచి లాక్కుని గోడకేసి కొట్టాడు.

"చాలు! నా ఇంటిదేమన్నా బొమ్మనుకున్నావా? ఫో అవతలకి!"

"ఇంకొక్కసారి తాతా..."

"నీ ఫోన్ని అడిగి రా, పో!"

రంగనాయకమ్మ ఏదో అనబోయింది. హిమజ ఏడుస్తూ ఇంటికొచ్చి పడింది.

మర్నాడు తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. వాకిట్లో అలికిడైతే జయలక్ష్మి తొంగి చూసి, బిక్కమొహంతో వెనక్కొచ్చింది.

"ఆ ముసలాయనే. కాళ్లకి చెప్పులైనా లేవు. నువ్వు బయటికి రాబాకు."

"దాన్ని రమ్మను!" బయటినుంచి కేక.

హిమజ వెళ్లింది. ఆయన గేటు దగ్గర తడిబండ మీద కూచుని ఉన్నాడు. అరుగెక్కలేదు. జయలక్ష్మి జంకుతూ కాఫీ గ్లాసు తెస్తే దానివంక చూడలేదు.

"ఎన్ని సూదులున్నయ్యే?"

"ఆరు తాతా."

"తే."

తెచ్చింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, కట్టెలాంటి చెయ్యి చాపాడు.

"పొడు."

"మీకా?"

"కాకపోతే ఎవరికి, నీ ఫోనుకా?"

"ఇవి అయిపోతే మామ్మకెట్టా? వాగు తగ్గిందాకా వేరేవి రావు."

"నీ కబుర్లు వినటానికి రాలా నేను. పొడు."

మొదటిది తప్పింది.

"నీకు మార్కులేసిన గాడిదెవడే?"

రెండోది పక్కకి పోయింది.

"కంటితో చూడబాకు, వేలితో వెతుకు. గొడ్లకి సూదేసేవాడైనా ముందు తడిమి చూస్తాడు."

మూడోదీ పోయింది. నెత్తురు మోచేతి దాకా కారింది. హిమజ డబ్బా మూత పెట్టేసింది.

"నావల్ల కాదు తాతా."

ఆయన చెయ్యి ఇంకా ముందుకి చాపాడు.

"నేను నాగలి పట్టిన మొదటిరోజు చాలు పాములాగా వంకర్లు పోయింది. మా నాయన చర్నాకోల విరిగిందాకా కొట్టాడు. నాగలి మాత్రం లాక్కోలా." మోచేతి నెత్తురు రెండో చేత్తో తుడుచుకున్నాడు. "నిన్న నేను లాక్కున్నా. మూత తియ్యి."

నాలుగోది. హిమజ కళ్లు మూసుకుని వేలితో తడిమింది. చర్మం కింద మెత్తగా, తడిసిన దారంలాగా ఏదో తగిలింది. ఏటవాలుగా దించింది. సూది వెనక గొట్టంలోకి ఎర్రగా నెత్తురొచ్చింది.

"దొరికింది తాతా!"

"గుడ్డిదెబ్బేమో. ఈ చెయ్యి పట్టు."

రెండో చేతికి ఐదో సూది మొదటి గుచ్చుకే దిగింది.

హిమజ సూదులు తీసేసి, దూది పెట్టి నొక్కింది. గబగబా సంచి సర్దుకుంది. నిన్నటి తర్వాత ఇప్పుడే ఆమె మొహంలోకి వెలుగొచ్చింది.

"ఒకటి మిగిలింది తాతా. అదొక్కటీ చాలు. పదండి, మామ్మకి పెడతా."

శేషగిరిరావు చొక్కా చేతులు దించుకుని లేచాడు.

"అది ఇంకెవరికన్నా ఉంచు, నన్ను ముట్టుకున్నావు గనక తలకి పోసుకున్నాకే ఇంట్లోకి పో, మీ మామ్మ కోడి కూయకముందే పోయింది."