చేప గుంటలో బాతు

"అత్తయ్యా, ఇవాళ మీరు నోరు విప్పకండి. పిల్ల ముక్కను తప్పు గుంటలో పెట్టినప్పుడల్లా మీరు 'అయ్యయ్యో' అంటూ బుగ్గలు పట్టుకుంటే ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?" అంది కోడలు, చెక్క పజిల్ నేల మీద పెడుతూ.

నాయనమ్మ సరేనంది. పజిల్లో బాతుకూ, చేపకూ, ఇంటికీ, చెట్టుకూ వేరువేరు గుంటలున్నాయి. పిల్లకు రెండేళ్లు నిండాయి. ఇంతవరకు ఒక్క మాటా రాలేదు. బాతునేమో రోజూ చేప గుంటలోనే కుక్కుతుంది. దీనికి మాటే కాదు, తెలివి కూడా రాలేదేమోనని కోడలి దిగులు.

పిల్ల బాతును చేప గుంటలో పెట్టి నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ కిటికీ వంక చూసింది.

పిల్ల బాతును తీసి, మళ్లీ అక్కడే ఇంకాస్త గట్టిగా నొక్కి, నాయనమ్మ మోకాలు తట్టింది.

"సైగలు కూడా వద్దత్తయ్యా."

"నేనెక్కడ చేశానే? పోనీ, కళ్లు మూసుకోనా?"

"మూసుకోండి."

నాయనమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది.

పిల్ల ఆమె మోకాలు మళ్లీ తట్టింది. ఇక లాభం లేదనుకుందేమో, రెండు చేతులతో తన బుగ్గలే పట్టుకుని, "అయ్యయ్యో!" అంది. నాయనమ్మ కళ్లు తెరిచింది.

తర్వాత బాతును బాతు గుంటలో పెట్టింది. చేప, ఇల్లు, చెట్టు, దేని చోట దాన్ని చకచకా సర్దేసింది. అంతా అయ్యాక బాతును పీకి చేప గుంటలో పెట్టి, ఈసారి తల్లి వంక చూసింది.

కోడలు బాతు వంకా, పిల్ల వంకా మార్చి మార్చి చూసింది.

"అనవే అమ్మా, పిల్ల ఎదురుచూస్తోంది," అంది నాయనమ్మ.