డాక్టరుగారి వేట పడవ

పళ్ళ డాక్టరుగారు కయాక్ అనే తెడ్డు పడవ కొనబోతున్న సంగతి ముందుగా తెలిసింది ఆయన పేషెంట్లకి. నోరు తెరిచి, దవడలో దూది కుక్కించుకుని కూర్చున్నవాళ్ళు ఎదురు చెప్పలేరు కదా. ఒక పన్ను పీకేలోగా ఆయన సముద్రంలో మునిగి, ఈటె తుపాకీతో చేపని కొట్టి, పడవలో వేసుకుని ఒడ్డుకి వచ్చేసేవారు. నిజానికి ఆయన ఈదింది ఈతకొలనులో. సముద్రాన్ని చూసింది ఐదో అంతస్తు బాల్కనీలోంచి.

ఇంట్లోనూ అదే వరస. ఆయన మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. ఒకసారి వద్దన్నారంటే వద్దే. ఆ మాటకి తిరుగులేదు.

సరదాలకి మాత్రం ఆయన దగ్గర ఆయుష్షు తక్కువ. గిటారు అటకెక్కింది. పరుగెత్తే మెషీన్ మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఇది కూడా మూణ్ణాళ్ళ ముచ్చటేనని అయినవాళ్ళంతా నవ్వుకున్నారు. నవ్వనిది భార్య ఒక్కతే.

"ఈసారి మధ్యలో వదిలేయకండి. ప్రతి ఆదివారం వెళ్ళండి," అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన సరదాని మెచ్చుకోవడం అదే మొదలు. డాక్టరుగారు ఆ సాయంత్రమే ఆవిడని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళారు.

షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి లోపలికి దూరి కూర్చునేది, రెండోది పైన కూర్చునేది. డాక్టరుగారు కత్తిలా సన్నగా ఉన్న మొదటిదాని మీద మనసు పారేసుకుని, అక్కడే అందులోకి దూరారు. బయటికి తీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. నీళ్ళలోకి దూకి మళ్ళీ ఎక్కాలంటే పైన కూర్చునేదే నయమనీ, వెడల్పుగా ఉంటే తిరగబడదనీ షాపతను చెప్పబోయాడు.

"అదే నేనూ చూస్తున్నానయ్యా," అన్నారాయన, మోచేయి రుద్దుకుంటూ.

రంగు దగ్గర పేచీ వచ్చింది. చేపలు పసిగట్టకుండా ఆయనకి సముద్రం రంగు కావాలి. కింద నుంచి చూసే చేపకి పడవ నీడే తప్ప రంగు తెలీదని షాపతను నసిగాడు. అప్పుడు, ఎన్నడూ లేనిది, భార్య నోరు విప్పింది.

"నారింజ రంగుది తీసుకోండి. బాల్కనీలోంచి నాకు కనబడాలి."

అక్కడితో ఊరుకోలేదు. వెనకవైపు పొడుగాటి కర్రకి జెండా పెట్టించింది. దూరంగా ఉన్న రాళ్ళ దిబ్బ దగ్గర లోతెక్కువట, లంగరుకి ఇంకా పొడుగు తాడు కోయించింది. ఎంతసేపు కూర్చున్నా నడుము పట్టేయకుండా మెత్తటి సీటు, ఎండకి వాడిపోకుండా ఐసు పెట్టె, మంచినీళ్ళ డబ్బా ఏరింది. ఒకరు మునిగితే ఒకరు పైనుంచి కనిపెట్టి ఉండాలని ఎక్కడో విందట. అందుకని ఇద్దరు పట్టే పడవే తీసుకుని, తన చెల్లెలి మొగుణ్ణి తోడు తీసుకెళ్ళమంది.

షాపతను కరిగిపోయాడు. ఇంత శ్రద్ధ పెట్టే ఇల్లాలు దొరకడం అదృష్టమన్నాడు.

"ఉత్త పిరికిది," అన్నారు డాక్టరుగారు గర్వంగా.

మొదటి ఆదివారం రబ్బరు సూటులోకి దూరేసరికే ఆయనకి సగం ప్రాణం పోయింది. నడుముకి సీసం బిళ్ళల పటకా కట్టుకున్నా, తల మునిగితే వెనకభాగం తేలేది. ఈటె వదిలితే రాయికి తగిలేది. తోడల్లుడు మెత్తటి సీటులో జారగిలబడి, టోపీ మొహం మీదికి లాక్కుని, మాట సాయం మాత్రం చేసేవాడు. వెంట్రుకవాసిలో తప్పిందనేవాడు. ఇంకొక్కసారి మునగమనేవాడు. ఆయన అలిసిపోయి ఇంటికి పోదామంటే, పెద్ద చేపలు బయటికొచ్చే వేళ ఇదేననేవాడు.

ఎండకి వేగిన అప్పడంలా, అరచేయంత చేపతో డాక్టరుగారు ఇల్లు చేరేవారు. ఆ పిసరు చేపనే భార్య మహాప్రసాదంలా వేయించి, ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయేది. వచ్చే ఆదివారం ఇంకాస్త దూరం వెళ్ళి చూడమనేది.

అలా గిటారుకి దక్కని ఆయుష్షు ఈ పడవకి దక్కింది. ఆయన నీళ్ళమీద ఉన్నంతసేపూ ఆవిడ బాల్కనీ గుమ్మం దాటేది కాదు. గడియకోసారి బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకునేది. మొగుడంటే ఎంత ప్రాణమోనని ఎదుటి మేడ ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట చెవినపడ్డాక డాక్టరుగారు నడిచే తీరే మారిపోయింది.

ఈ ఆదివారం విచిత్రం జరిగింది. ఈటె రాయికి కాక చేపకి తగిలింది. మూరెడు చేప. అదీ వెళ్ళిన కాసేపటికే.

చూసి ఎగిరి గంతేయాల్సిన తోడల్లుడి మొహం మాడిపోయింది.

"పొద్దింకా చాలా ఉంది అన్నయ్యా. ఇంకోటి కొట్టి వెళదాం."

"ఇప్పుడే వెళ్ళాలి. మీ వదిన చూడాలి," అన్నారు డాక్టరుగారు, అప్పటికే లంగరు లాగేస్తూ.

తోడల్లుడు తెడ్డు జారవిడిచాడు. దాన్ని అందుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత నడుము పట్టేసిందన్నాడు. డాక్టరుగారు వినిపించుకోకుండా ఒక్కరే తెడ్డేసుకుంటూ వచ్చారు. ఒడ్డు దగ్గరపడ్డాక లేచి నిలబడబోయి, పడబోయి, కూలబడి, చేపని రెండు చేతులా పైకెత్తి చూపించారు. బాల్కనీలో ఆవిడ గబుక్కున బైనాక్యులర్స్ దించి లోపలికి పరిగెత్తింది. ఆ తొందర చూసి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. పిచ్చిది, పొయ్యి వెలిగించడానికి పోయింది.

ఐదో అంతస్తులో ఆవిడ రొప్పుతూ పడగ్గది తలుపు తోసి, చెప్పకుండా పెళ్ళి చేసుకుందని, ఇక ఈ గడప తొక్కడానికి వీల్లేదని డాక్టరుగారు వెళ్ళగొట్టిన కూతురితో, "జెండా అప్పుడే ఇటు తిరిగిందమ్మా, పాపనెత్తుకో," అంది.