సన్న టైర్లు

"చలికాలంలో అసలు నీకు కారెందుకు?" అన్నాడు దామోదర్, వెనక టైర్ల షాపు తలుపు ఇంకా మూసుకోకముందే.

భార్య రేణు తీరిగ్గా చేతి గ్లవ్స్ తీసింది. వెంటనే జవాబు చెబితే మాట పెరుగుతుంది. మాట పెరిగితే ఇంటికి పోదాం పదమంటాడు. ఇంతవరకూ లాక్కొచ్చేసరికే ఆమె తలప్రాణం తోకకొచ్చింది. బయట అమెరికాలోని ఆ సిరక్యూస్ ఊరంతా బూడిద రంగులో ఉంది. అప్పుడే సన్నగా మంచు మొదలైంది.

"జనవరిలో క్లాసులండీ," అంది చివరికి. "డెంటల్ అసిస్టెంట్ కోర్సు. సీటు కన్ఫర్మ్ చేశారు. అక్కడికి బస్సు లేదు."

"కోర్సు చేసి ఏం చేస్తావ్? హెచ్‌ఫోర్ వీసా మీద వర్క్ చేయనివ్వరు కదా."

"ఎప్పటికైనా గ్రీన్ కార్డ్ రాకపోతుందా? అప్పటిదాకా గోడలు చూస్తూ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

ఈ మాట ఆమె ఇంట్లో చాలాసార్లు అంది. అన్నప్పుడల్లా అతను టీవీ సౌండ్ పెంచాడు. ఇక్కడ టీవీ లేదు కాబట్టి, గోడకి పేర్చిన టైర్ల వైపు చూశాడు.

కౌంటర్ దగ్గరి మనిషి ఏం కావాలని అడిగాడు. రేణు నోరు తెరిచేలోపు దామోదరే ఇంగ్లీషులో అందుకున్నాడు. "మా కారుకి ఆల్ సీజన్ టైర్లున్నాయి. ఆల్ సీజన్ అంటే చలికాలం కూడా కలిపే కదా?"

"చలికి ఆ రబ్బరు గట్టిపడిపోతుందండీ," అంది రేణు భర్తతో, తెలుగులో. "నిరుడు స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ మీద నిలబడ్డా ఆగిందా? స్నో టైర్ల రబ్బరైతే మెత్తగానే ఉంటుంది."

"సరే, ముందు రెండూ మార్పిద్దాం. ఇంజిన్ తిప్పేది వాటినే."

"అప్పుడు ముందువి పట్టుకుంటాయి, వెనకవి జారతాయి. కారు గిర్రున తిరిగిపోతుంది. నాలుగూ మార్చాలి."

కౌంటర్ మనిషికి తెలుగు రాదు. కానీ ఆమె వేళ్ళతో గాల్లో గీసి చూపిస్తున్న కారు అర్థమైనట్టుంది, అవునవునని తలూపాడు. పరాయివాడు పెళ్ళాం మాటకి తలూపడం దామోదర్‌కి రుచించలేదు.

"ఇంకోటండీ. ఇప్పుడున్నవి పదహారు అంగుళాల చక్రాలు. చలికాలానికి పదిహేను వేయిద్దాం."

"తగ్గిస్తావా? మంచులో పెద్ద చక్రం కావాలి గానీ చిన్నదేంటి? కారు నేలకి ఆనదూ?"

"చిన్నదయ్యేది లోపలి ఇనప రిమ్ ఒక్కటే. ఆ మేరకి టైరు గోడ ఎత్తు పెరుగుతుంది. మొత్తం ఎత్తు మారదు. పైగా టైరు సన్నబడుతుంది. వెడల్పు టైరు మంచు మీద తేలుతుందండీ. సన్నదైతే మంచుని కోసుకుంటూ వెళ్ళి కింద రోడ్డుని పట్టుకుంటుంది."

దామోదర్ ఆమెని కొత్తగా చూశాడు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?"

"నిరుడు చలికాలమంతా నెట్‌లో చదివాను. ఇంట్లోనే ఉన్నాను కదా."

అతను ఏదో అనబోయాడు. జేబులో ఫోన్ మోగింది. నంబరు చూసుకుని, తలుపు తోసుకుని బయటికి వెళ్ళాడు.

అద్దంలోంచి రేణుకి అతని వీపు కనిపిస్తోంది. ఆమెకి ఆశేమీ లేదు. తిరిగొచ్చి ఆఫీస్ పనుందంటాడు. వచ్చే వారం చూద్దామంటాడు. వచ్చే వారానికి మంచు మోకాలి లోతు పడుతుంది, కారు తాళం అతని జేబులోకి పోతుంది, ఏప్రిల్ దాకా ఆమెకి కిటికీ ఒక్కటే దిక్కు. పట్టుకు చూస్తున్న టైరుని ఆమె మెల్లగా వదిలేసింది. చేతికంటిన నలుపుని కోటుకే తుడుచుకుంది.

దామోదర్ భుజాల మీది మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"సరే, వేయించు."

"ముందు రెండేనా?"

"నాలుగూ. నువ్వన్నట్టే పదిహేను. రిమ్స్‌తో సహా మంచివి చూడు. పాత చక్రాలు పారేయొద్దను, కారులోనే పెట్టమను."

పెళ్ళయ్యాక ఒక్క వాదన కూడా గెలవని మనిషికి, గెలిచాక ఏం చేయాలో తెలియదు. రేణుకి ఏడుపొచ్చింది. కౌంటర్ మనిషి కంగారుపడి టిష్యూ అందించాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, సైజు తనే చెప్పి, టైరు గోడ మీది అంకెలు తనే సరిచూసుకుంది. ఇన్నాళ్ళూ ఇతన్ని నేనే తప్పుగా అనుకున్నానేమో అని కూడా అనుకుంది, పిచ్చి తల్లి.

టైర్లు బిగించడం అయ్యాక, ఇంటికి తనే డ్రైవ్ చేస్తానంది. అతను కాదనలేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్ చేరేసరికి నేలంతా తెల్లబడింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కాస్త వేగం పెంచి గట్టిగా బ్రేక్ నొక్కింది. కారు రెండు పక్కలకీ ఊగకుండా బుద్ధిగా ఆగిపోయింది.

"చూశారా! జారలేదు!" నవ్వుతూ అతని వైపు తిరిగింది. "జనవరిలో రోజూ నేనే వెళ్ళొస్తాను. మీరు నాకోసం ఏం బెంగపడక్కర్లేదు."

"బావుంది, నిజంగానే బావుంది," అన్నాడు దామోదర్, సీట్ బెల్ట్ తీసుకుంటూ. "మా టీమ్‌లో కొత్తగా చేరాడే వినీత్, శనివారం వస్తాడు. ఇందాక షాపులో చెప్పావే, అదంతా వాడికీ ఓసారి చెప్పు. స్నో టైర్లు వేయించి ఇస్తేనే ఈ కారు కొంటానన్నాడు."