జాబితాలో ఐదో పేరు

ఆ రోజు ఆ ఇంట్లో నాయనమ్మ, తండ్రి, తల్లి, మేనత్త ఉన్నారు. నలుగురూ గోడవారగా కుర్చీల్లో కొయ్యబారి కూర్చున్నారు. వాళ్ల ముందు నిలబడి ఆ ఇంటి హాస్యగాడు చెమటలు కక్కుతున్నాడు. ఐదో కుర్చీలో పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి.

"రేపే నా మొదటి షో మేడమ్. మీ పత్రికలో పేరు పడకపోతే హాల్లో ఈగలు తోలుకోవాలి. జనం రాకపోతే ఎల్లుండి నుంచి రావద్దన్నారు హాలువాళ్లు," అన్నాడతను మెల్లగా.

ఊళ్లో జరిగే హాస్యోత్సవంలో తప్పక చూడాల్సిన ఐదు షోల పేర్లు ఆమె రాయాలి. నాలుగు రాసేసింది. ఐదోది గంటలో పంపాలి. పసలేని షోకి జనాన్ని పంపితే ఇక ఆఫీసుకి రావద్దని ఎడిటర్ ముందే చెప్పాడు.

"ఊఁ, కానియ్‌రా," అంది నాయనమ్మ.

మొదటి జోకుకి ఎవరూ పెదవి విప్పలేదు. రెండోదానికి తండ్రి పళ్లు బిగించి పైకప్పు కేసి చూశాడు. మూడోదానికి మేనత్త తల దించేసుకుంది. తల్లి కళ్లలో నీళ్లు!

అమ్మాయికి మాత్రం పొట్టలో గిలిగింతలు. చావింట్లో నవ్వొచ్చినట్టు హడలిపోయి నాలుక కరుచుకుంది. కన్నవాళ్లకే నవ్వు రాని షోకి ఊరివాళ్లు నవ్వుతారా? ఐదో పేరుగా ఇంకెవరిదో రాసేద్దామని పెన్ను ఆనించింది.

"మా నాయనమ్మ తాళం వేసి నాలుగుసార్లు లాగి చూస్తుంది. వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతుంది. మొన్న తాళం ఊడి చేతిలోకొచ్చింది. 'చూశావా, అందుకే లాగి చూడమనేది!' అంది."

అమ్మాయి పకపకా నవ్వేసింది. పెన్ను ఎగిరి అవతల పడింది.

నాయనమ్మ లేచింది. అమ్మాయి రెక్క పట్టుకుని గుమ్మందాకా లాక్కెళ్లింది.

"తప్పయింది మామ్మగారూ! మిమ్మల్ని ఎగతాళి చేయాలని కాదు..."

"ఎగతాళి ఎవరిక్కావాలి! మేం నవ్వితే చాలు, వీడు మురిసిపోయి జోకుకి పదును పెట్టడం మానేస్తాడు. అందుకే రిహార్సల్లో నవ్వినవాళ్లు ఎవరైనా బయటికే. పేరు బయట కూర్చుని రాసుకో. పో తల్లీ, నిన్ను చూస్తుంటే నాకూ ఆగేలా లేదు!"

నాయనమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని, ధడాలున తలుపు వేసేసింది.