మళ్ళీ ఓసారి చెప్పండి

"సార్, మళ్ళీ ఓసారి చెప్పండి. నాకు ఆకు ఆకులా రావడం లేదు."

"మొదలెట్టిందిరా బాబూ!" అన్నారు వెనకనుంచి ఎవరో. క్లాసంతా కిసుక్కుమంది.

అడిగింది ఐదో కంప్యూటర్ దగ్గరున్న పెద్దావిడ. కళ్ళజోడుకి తాడు, ఒళ్ళో గుడ్డసంచి. గ్రాఫిక్ డిజైన్ నేర్చుకునే ఇరవైమంది కుర్రకారు మధ్య ఆవిడొక్కతే అరవైకి దగ్గర పడిన మనిషి. రోజుకి రెండు డౌట్లయినా అడగందే వదలదని, పిల్లలు 'డౌట్లత్త' అని పేరు పెట్టేశారు.

సారు విసుక్కోలేదు. ప్రాక్టీసు పుస్తకం తెరిచి, పెన్ టూల్‌తో తెరమీద చుక్కలు పెట్టి వంపు గీయడం మొదటినుంచీ చూపించాడు.

నాలుగో కంప్యూటర్ దగ్గరున్న టైలరు కూతురు ఊపిరి పీల్చుకుంది. ఆమె తెరమీద ఆకు కూడా తొక్కేసిన చెప్పులా ఉంది మరి.

అడగాలంటే భయం. చేరిన రోజు "లేయర్ అంటే ఏంటి సార్?" అన్నందుకు అందరూ నవ్వారు. ఆ రోజే నోరు కుట్టేసుకుంది, కాజా అంత సందు కూడా మిగల్చకుండా.

వాళ్ళ నాన్న మాట ఒకటే. "ఒక్క టర్మ్ చూడు తల్లీ. పరీక్ష పోయిందా, ఇంటికొచ్చి నాతోపాటు కాజాలు కుట్టుకో."

కుట్టుపని అంటే చిన్నచూపు కాదు. పదేళ్ళప్పటినుంచీ కుడుతూనే ఉంది. కానీ ఆమె మనసంతా ఈ బొమ్మల మీదే.

"మీ నాన్నగారు టైలరన్నావుగా. నీకు కత్తిరింపు వచ్చా?" అని అడిగింది ఓ రోజు డౌట్లత్త.

"చొక్కాలకి చంక వంపు నేనే గీస్తానండీ ఆంటీ. నాన్న చూడను కూడా చూడరు."

"అబ్బో!" అందావిడ, నిజంగానే అబ్బురపడి.

టీ వేళ మెట్లమీద అమ్మాయిలు చుట్టూ చేరారు.

"ఆవిడ పక్కన ఎలా కూర్చుంటున్నావే తల్లీ? నీకు దండం పెట్టాలి."

టైలరు కూతురు లేని కళ్ళజోడు ముక్కుమీదికి ఎగదోసి, గొంతు సాగదీసింది.

"సార్... మళ్ళీ ఓసారి చెప్పండి!"

అందరూ పొట్టలు పట్టుకున్నారు. వాళ్ళు ఆమెను చూసి కాకుండా ఆమెతో కలిసి నవ్వడం అదే మొదటిసారి.

ఆ సంబరంలో తల తిప్పేసరికి, పై మెట్టుమీద డౌట్లత్త.

"బాగా చేశావు. కాకపోతే నేను ఎడంచేత్తో ఎగదోస్తాను" అని నవ్వి, పక్కనుంచి దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ మొహం చూడలేక, టైలరు కూతురు ముందు వరసలోకి మారిపోయింది.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజునుంచీ డౌట్లత్త ఒక్క డౌటూ అడగలేదు.

పాఠాలు రైలు వేగం అందుకున్నాయి. "హమ్మయ్య, పీడ వదిలింది" అనుకున్నారు పిల్లలు. టైలరు కూతురు మాత్రం ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయింది.

"వస్తోందా తల్లీ?" అని రోజూ ఫోన్లో నాన్న.

"వస్తోంది నాన్నా."

పరీక్ష ముందురోజు డౌట్లత్త మెట్ల దగ్గర ఆమె కోసమే ఆగింది.

"ఆంటీ, ఆ రోజు నేను..."

"అదలా ఉంచు. చంక వంపు గీయడానికి సుద్ద ఎక్కడెక్కడ ఆనిస్తావు?"

"వంపు మొదలయ్యే చోట, తిరిగే చోట, ఆగే చోట."

"మధ్యలో?"

"మధ్యలో ఎందుకండీ? ఆ మూడు గుర్తులుంటే చెయ్యి దానంతటదే పోతుంది."

"మరి ఒక్క ఆకుకి పదిహేడు చుక్కలెందుకు పెట్టావమ్మా?"

టైలరు కూతురు నోరు తెరిచింది. ఆవిడ అప్పటికే మెట్లు దిగిపోతోంది.

మర్నాడు పరీక్షలో పక్షి బొమ్మ ఇచ్చారు. రెక్కకి మూడే చుక్కలు పెట్టింది. మౌసు సుద్దముక్కలా జారింది. గీత వంపు తిరిగింది, నాన్న గీసినట్టే.

పాసైంది. వెంటనే నాన్నకి ఫోన్ చేసింది. "సరే, కాజాలకి వేరే మనిషిని చూసుకుంటాలే" అన్నాడాయన.

ఈ సంగతి ముందు చెప్పాల్సిన మనిషి మాత్రం రాలేదు. ఆ వారమూ, పై వారమూ ఐదో కంప్యూటర్ ఖాళీయే.

"పరీక్ష కూడా రాయలేదు. తనవల్ల కాదని మానేసుంటుంది, పాపం" అన్నారెవరో.

టైలరు కూతురి ప్రాణం ఉసూరుమంది. తిన్నగా సారు దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ ఇల్లెక్కడో చెప్పండి సార్. రోజూ వెళ్ళి నేను నేర్పిస్తాను. ఆవిడకి ఆకు కూడా సరిగ్గా రాదు."

సారు ఆమెను ఓ క్షణం చూసి, ఆ ఉదయమే ప్రెస్సునుంచి వచ్చిన కట్ట విప్పి, కొత్త ప్రాక్టీసు పుస్తకం చేతిలో పెట్టాడు.

"మూడో పాఠం తియ్యి."

తీసింది. పేజీ మధ్యలో ఓ ఆకు, తొక్కేసిన చెప్పులా. పదిహేడు చుక్కలు.

కింద ఇలా ఉంది: 'మీ ఆకు ఇలా వచ్చిందా? తప్పు మీది కాదు, పోయినసారి నేను సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ ఓసారి చెబుతాను. టైలరు సుద్దతో చంక వంపు ఎలా గీస్తాడో ఎప్పుడైనా చూశారా?'

"ఇది... ఇది నా ఆకు సార్!"

"నీదే. పాత పుస్తకం రాసిందీ ఆవిడే, ఇది రాసిందీ ఆవిడే."

"మరి ఆ డౌట్లన్నీ?"

సారు ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"ఈపాటికి వేరే ఊళ్ళో, నోరు తెరిచి అడగలేని ఇంకో పిల్ల పక్కన కూర్చుని, ఆ పిల్ల డౌట్లు తనవన్నట్టు అడిగి, ఆ పిల్ల బదులు తను నవ్వులపాలవుతూ ఉంటారమ్మా ఆవిడ."